స్వరూప టీచర్ కారు ఎందుకు ఆగిపోయేది

మెకానిక్ పని నేర్చుకుంటామని వచ్చేవాళ్లు మొదట అడిగేది బండి కంప్యూటర్‌లోంచి లోపాలు చదివే స్కానర్ గురించి. "సార్, ఇది వాడుడు ఎన్ని దినాలల్ల వస్తది?" అంటారు. వారంలో వస్తుందంటే సంతోషిస్తారు. బండి తెచ్చినవాళ్ల మాట వినడం ఎన్నాళ్లకు వస్తుందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నాకైతే ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది. అది కూడా నలుగురి ముందు పరువు పోగొట్టుకున్న తర్వాత.

వరంగల్ మట్టెవాడలో నా షెడ్డు ఉండేది. నేను బోర్డు పెట్టలేదు. సాంబయ్య షెడ్డు అంటే చాలు, ఆటోవాళ్లు తెచ్చి దింపేవాళ్లు. మా పనిలో ప్రమోషన్లు ఉండవు, కాబట్టి వాటి గురించి రాసే బాధ నాకు తప్పింది. ఒక కారు గురించి రాస్తాను. దాంతో పాటు నాకు పని నేర్పిన ఇద్దరి గురించి. ఒకరు నాకంటే ముప్పై ఏళ్లు పెద్ద, ఇంకొకరు ముప్పై ఏళ్లు చిన్న.

ఉస్తాద్

మా ఇంట్లో అందరూ మగ్గం నేసేవాళ్లు. నాకు మాత్రం ఒక్కచోట కూర్చుని చేసే పని పడలేదు. పదో తరగతి తప్పగానే మా నాయన నన్ను తీసుకెళ్లి మహబూబ్ ఉస్తాద్ దగ్గర వదిలాడు. ఉస్తాద్ ఇంజన్‌ను చెవితో చూసేవాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి "మూడో నంబర్ వాల్వు, జర వదులున్నది" అనేవాడు. విప్పి చూస్తే అదే ఉండేది.

"చెవి పెట్టి ఇను సాంబా," అని నా తల వంచి పెట్టేవాడు. "టక్ టక్ అంటాంది చూడు. మనిషి దగ్గినట్టు."

ఇంజన్ విప్పి బిగించిన బండి మొదటిసారి స్టార్ట్ అయిన రోజు షెడ్డులో పండగే. తాళం చెవి తిప్పే పని ఉస్తాద్ ఎప్పుడూ ఓనరుకే ఇచ్చేవాడు. ఇంజన్ అందుకోగానే బొంగురు గొంతుతో పాట ఎత్తుకునేవాడు. ఎదురు హోటల్ నుంచి అందరికీ చాయ్ వచ్చేది. తర్వాత బండిని మట్టెవాడ నుంచి ఖిలా వరంగల్ రాతి దర్వాజా దాకా నడిపి వెనక్కి తెచ్చేవాళ్లం. అదే మా టెస్ట్ డ్రైవ్. నేను సొంత షెడ్డు పెట్టుకున్నాక కూడా ఆ దారి మార్చలేదు.

ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న ఇంకొక మాట: "ఆయిల్ చిక్కగ పొయ్యాలె. చిక్కగుంటే ఇంజన్‌కు బలం." ఆయన కాలం బండ్లకు అది నిజమే. అరిగిన ఇంజన్లు, వదులైన భాగాలు, మే నెల ఎండలు. నేను ఆ మాటను ఆయన జ్ఞాపకంలా కాపాడుకున్నాను. గురువు మీద ప్రేమ మంచిదే. కానీ ప్రేమతో గుర్తుపెట్టుకున్న మాటను మళ్లీ పరీక్షించి చూడబుద్ధి కాదు.

ఇంజన్ ఊపిరి

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం అసలు సంగతి కొంచెం చెప్పాలి. ఇంజన్ కూడా మనలాగే ఊపిరి తీసుకుంటుంది. గాలి లోపలికి రావడానికి ఒక తలుపు, కాలిన పొగ బయటికి పోవడానికి ఇంకొక తలుపు. ఆ తలుపులే వాల్వులు. వాటిని తెరిచేది క్యామ్ షాఫ్ట్ అనే కడ్డీ. దాని మీద కోడిగుడ్డు మొనలాంటి ఉబ్బులు ఉంటాయి. కడ్డీ తిరిగినప్పుడు ఉబ్బు వచ్చి వాల్వును నొక్కి తెరుస్తుంది, అది దాటిపోగానే స్ప్రింగు మూసేస్తుంది. ఆ కడ్డీని కింద ఉన్న క్రాంకు, అంటే ఇంజన్ బలంతో తిరిగే అసలు ఇరుసు, ఒక చైన్‌తో తిప్పుతుంది.

పాత బండ్లలో ఏ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలో ఫ్యాక్టరీలో ఒకసారి నిర్ణయిస్తే అంతే. చక్రాల మీద పెట్టిన గుర్తుల్లో చుక్కకు చుక్క కలిపి చైన్ వేస్తే బండి చచ్చేదాకా అదే లెక్క. కానీ సిగ్నల్ దగ్గర నిలబడ్డ ఇంజన్‌కు, హైవే మీద లాగుతున్న ఇంజన్‌కు ఒకే ఊపిరి సరిపోదు. నిలబడి ఉన్నప్పుడు గాలి తలుపు కాస్త ఆలస్యంగా తెరుచుకోవాలి. తొందరపడి తెరిస్తే పొగ తలుపు ఇంకా మూసుకోకముందే రెండూ తెరిచి ఉంటాయి, కాలిన పొగ లోపలికి దూరుతుంది, ఇంజన్ వణుకుతుంది. దారిలో వేగం అందుకుని లాగేటప్పుడు అదే తలుపు ముందుగా తెరుచుకుంటే బలం పెరుగుతుంది. మరీ జోరు మీద ఉన్నప్పుడు మళ్లీ కొంచెం ఆలస్యంగా మూసుకోవాలి. ఉరికి వచ్చే గాలి ఆ ఊపుతోనే ఇంకొంత లోపలికి దూరుతుంది కాబట్టి.

ఈ మార్పును బండి నడుస్తుండగానే చేసేదే వీవీటీ, అంటే వాల్వుల టైమింగ్‌ను అప్పటికప్పుడు మార్చుకునే ఏర్పాటు. ఇలాంటి బండ్లు నా షెడ్డుకు రావడం మొదలై చాలా ఏళ్లయినా దాన్ని నేను పట్టించుకోలేదు. "పేరు పెద్దగ పెడితే బండి ఎక్కువ అమ్ముడుపోతదని పెట్టిండ్రు," అని నవ్వేవాణ్ని. నాకు తెలియని దాన్ని చూసి నవ్వడం నాకు బాగా అలవాటు. మీకూ ఉంటే మానుకోండి.

కవర్ కప్పిన కారు

స్వరూప టీచర్ మా వెనక గల్లీలోనే ఉంటుంది. ములుగు రోడ్డులో ఆత్మకూరు దాటాక ఒక ఊరి బడిలో సైన్సు చెబుతుంది. ఏళ్లకేళ్లు రెండు బస్సులు మారి వెళ్లింది. యాభయ్యో ఏట డ్రైవింగ్ నేర్చుకుని తెల్ల కారు కొన్నది. దారిలో ఉండే ఇద్దరు టీచర్లను కూడా ఎక్కించుకునేది. పొద్దున్నే మా షెడ్డు ముందు నుంచి వెళ్తూ, రోడ్డు ఖాళీగా ఉన్నా సరే, ఒకసారి హారన్ కొట్టేది. అది నాకు నమస్తే అన్నమాట.

ఏడాది తర్వాత సర్వీసుకు బండి నా దగ్గరికి తెచ్చింది. ఇంజన్ పైన మూత అంచున ఆయిల్ కొద్దిగా చెమ్మగిల్లింది. మూత తీసి, అంచు చుట్టూ ఎర్ర పేస్టు దండిగా రాసి బిగించాను. చిక్కటి ఆయిల్ పోశాను. ఉస్తాద్ చూస్తే మెచ్చుకుంటాడనుకున్నాను.

నెల దాటాక టీచర్ వచ్చింది.

"అన్నా, బండి ఆగుతాంది. హైవే మీద మంచిగ పోతది. స్పీడ్ బ్రేకర్ కాడ బ్రేకు కొట్టంగనే గజగజ వణుకుతది, బంద్ అయితది. మల్ల స్టార్ట్ చేస్తే అయితది. ఒక పసుపు లైటు గూడ వచ్చి పోయింది."

ఇప్పుడు ఈ మాటలు రాస్తుంటే సిగ్గేస్తుంది. ఆమె రోగం పేరు ఒక్కటే చెప్పలేదు, మిగతా అంతా చెప్పింది. నేను విన్నది "బండి ఆగుతాంది" అనే రెండు ముక్కలే. స్పార్క్ ప్లగ్గులు మార్చాను. గాలి వెళ్లే దారి కడిగాను. స్కానర్ పెడితే క్యామ్ టైమింగ్ అని ఏదో చూపించింది. సెన్సర్ పిచ్చి అనుకుని చెరిపేశాను. ఖిలా దర్వాజా దాకా నడిపి తెచ్చాను. ఎక్కడా ఆగలేదు.

రెండోసారి వచ్చింది. మళ్లీ ఖిలా దాకా వెళ్లి వచ్చాను, ఆగలేదు. మూడోసారి వచ్చేసరికి షెడ్డులో పదిమంది ఉన్నారు. నాకు విసుగొచ్చింది.

"టీచరమ్మా, బండి బంగారం లెక్క ఉన్నది. మీరే బ్రేకు తొక్కేటప్పుడు క్లచ్ తొక్కుత లేరు. లేటుగ నేర్చుకున్నరు గదా, అలవాటు కావాలె," అన్నాను.

అక్కడున్నవాళ్లు నవ్వారు. టీచర్ నవ్వలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. "కావచ్చు అన్నా," అని తాళం చెవి తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత హారన్ వినిపించడం మానేసింది. రెండు వారాలకు కూరగాయల సంచి దించుతూ మా ఇంటామె లక్ష్మి చెప్పింది:

"టీచరమ్మ బస్టాండుల కనపడ్డది. కారుకు కవర్ గప్పి పెట్టిందట. 'నాతోని కాదు లక్ష్మీ, నాకు నడుపుడు రాదు' అన్నది."

"అలవాటైతది," అన్నాను.

"నాకొక సంగతి చెప్పు. ఏడాది సంది ఆగని బండి ఇప్పుడే ఎందుకు ఆగుతాంది? ఆమె నిన్న నేర్చుకున్నదా?"

 లక్ష్మి ఏనాడూ స్టీరింగ్ పట్టుకోలేదు, ఇంజన్ లోపల ఏముంటుందో చూడలేదు. కానీ నేను మూడుసార్లు బండి చూసినా అడగని ప్రశ్న ఆమె బెండకాయలు ఏరుతూ అడిగింది.

ఏ రోడ్డు?

మాధవి అప్పట్లో హన్మకొండలో ఒక షోరూం సర్వీసులో పనిచేసేది. పాలిటెక్నిక్ చదివిన పిల్ల, కొత్త ఇంజన్ల మీద మంచి పట్టున్నదని పేరు. పనిముట్ల దుకాణంలో ఒకటి రెండుసార్లు కలిసింది. ఆమెను అడగడానికి వెళ్తూ దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగాను. వయసులో నా బిడ్డంత ఉంటుంది. మూడోసారి తిరగలేదు.

నేను చెప్పిందంతా విని ఒక్కటే అడిగింది.

"ఏ రోడ్డు మీద నడిపి చూసిండ్రు కాకా?"

"ఖిలా దాకా."

"ఆ గల్లీలల్ల ఎన్నో గేరు వడ్తది?"

"రెండు. ఎక్కువంటే మూడు."

"టీచర్ ఏ రోడ్డు మీద పోతది?"

నేను తల గోక్కున్నాను. ముప్పై ఎనిమిదేళ్లుగా అందరి బండ్లనూ నేను నా దారిలోనే నడిపి చూశాను, వాళ్ల దారిలో ఒక్కసారీ నడపలేదు.

టీచర్‌ను తాళం చెవి అడిగితే, "కవర్ కింద ఉన్నది అన్నా, తీస్కపోండ్రి," అని ఇచ్చి మళ్లీ లోపలికి వెళ్లింది. ఆదివారం పొద్దున మాధవి స్టీరింగ్ పట్టుకుంది. నేను పక్కన కూర్చుని స్కానర్ ఒళ్లో పెట్టుకున్నాను. ములుగు రోడ్డెక్కాం.

"రెండు నంబర్లు కనపడుతున్నయి గదా కాకా. పైది కంప్యూటర్ అడిగేది, క్యామ్ ఇంత ముందుకు జరగాలె అని. కిందిది నిజంగ జరిగింది. రెండూ కలిసి నడువాలె."

బండి నెమ్మదిగా ఉన్నంతసేపు రెండూ సున్నా దగ్గరే కూర్చున్నాయి. ఖిలా దారిలో నేను చూసింది అదే. వేగం పెరగగానే పై నంబర్ ఇరవై దాటింది. కిందిది బద్ధకంగా, సంతకు ఇష్టం లేకుండా వెళ్లే ఎద్దులా, దాని వెనక నడిచింది. ముందు స్పీడ్ బ్రేకర్ కనిపించింది. మాధవి క్లచ్, బ్రేకు రెండూ పద్ధతిగా తొక్కింది. పై నంబర్ టక్కున సున్నాకు పడింది. కిందిది పద్దెనిమిది దగ్గరే నిలబడిపోయింది. బండి గజగజ వణికి ఆగిపోయింది.

"ఆగింది కాకా!" అని మాధవి స్టీరింగ్ మీద చేత్తో చరిచింది.

"ఆగింది!" అని నేనూ అరిచాను. ఇద్దరం చేతులు కలుపుకున్నాం. రోడ్డు పక్కన మక్క కంకులు కాలుస్తున్న అవ్వ లేచి నిలబడింది.

"ఏందయ్యా, బండి ఆగితే గంత సంబురం?"

"నెల సంది ఎతుకుతున్నం అవ్వా, ఇయ్యాల దొరికింది!" అన్నాను. ఆమె మాకు రెండు కంకులు ఇచ్చి, మా బుద్ధి మీద అనుమానంతో మళ్లీ కూర్చుంది. ఉస్తాద్ పోయాక ఇంజన్ దగ్గర అంత ఆనందం నాకు ఎప్పుడూ కలగలేదు.

ఎర్ర ముక్కలు

షెడ్డుకు వచ్చాక మాధవి తన సంచిలోంచి పనికిరాని పాత వీవీటీ గేరు ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. చపాతీ పీటంత కూడా లేదు. చైన్ తిప్పే పళ్ల చక్రం బయట, దాని కడుపులో నాలుగు రెక్కలు. రెక్కలు క్యామ్ షాఫ్ట్‌కు బిగించి ఉంటాయి. రెక్కకు రెండు వైపులా చిన్న చిన్న గదులు.

"ఈ గదులల్లకు ఇంజన్ ఆయిలే వస్తది కాకా. ఒక దిక్కు నింపితే రెక్క ముందుకు జరుగుతది, క్యామ్ ముందుకు తిరుగుతది, తలుపు ముందుగాల తెరుస్తది. ఇంకో దిక్కు నింపితే ఎనుకకు. ఏ దిక్కు పంపాలె అనేది కంప్యూటర్ చెప్తే, ఒక చిన్న కరెంటు వాల్వు పంపుతది."

"అంటే ఆయిలే చెయ్యి లెక్క పనిచేస్తది."

"అవ్ కాకా. గందుకే పల్చటి ఆయిల్ అడుగుతది. చిక్కటిది పోస్తే చెయ్యి మొద్దుబారుతది."

 ఆ కరెంటు వాల్వు విప్పాను. దాని ముందు వేలిగోరంత జాలీ ఒకటి ఉంటుంది, చెత్త రాకుండా. దాన్ని వెలుతురుకు పట్టి చూశాను. ఎర్ర ముక్కలు నిండి ఉన్నాయి. మూత అంచున నేను దండిగా రాసిన పేస్టు లోపలికి పొంగి, ఎండి, రాలి, ఆయిల్‌లో కలిసింది. ఫిల్టర్ ఎందుకు పట్టుకోలేదని మాధవిని అడిగాను. పొద్దుటి చలికి చిక్కటి ఆయిల్ ఫిల్టర్‌లోంచి దూరలేకపోతే, ఇంజన్ ఎండిపోకుండా ఫిల్టర్ పక్కదారి తెరుస్తుందట. అప్పుడు చెత్తతో సహా అంతా లోపలికి వెళుతుంది.

చిక్కటి ఆయిల్ నాది, పేస్టూ నాదే. మాట పడ్డది మాత్రం టీచర్.

మాధవి అది చూసింది. అయినా "ఎవరు రాసిండ్రు కాకా?" అని అడగలేదు. అంత మర్యాద ఉన్న మనిషి కాబట్టే, నేను పని మానేసిన రోజు షెడ్డు తాళాలు ఆమెకే ఇచ్చాను. ఇప్పుడు అది మాధవి షెడ్డు.

జాలీ మార్చాం. లోపల కడిగి, కంపెనీ పుస్తకంలో రాసిన పల్చటి ఆయిల్ పోశాం. మళ్లీ ములుగు రోడ్డెక్కి ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఆపి చూశాం. రెండు నంబర్లు జంట ఎడ్లలా కలిసి నడిచాయి. ఒక్కసారి కూడా ఆగలేదు. కంకుల అవ్వ మమ్మల్ని చూసి ఈసారి దూరం నుంచే చెయ్యి ఊపింది.

అందరి ముందు

స్వరూప టీచర్ ఇంటికి ఒక్కణ్నే వెళ్లాను. ఎర్ర ముక్కల జాలీ కాగితంలో చుట్టి తీసుకెళ్లాను. అరుగు మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఆయిల్, పేస్టు, ఖిలా రోడ్డు, ఏదీ దాచలేదు.

"మీ నడుపుడుల తప్పు లేదు టీచరమ్మా. తప్పంత నాదే. మాఫ్ చెయ్యాలె."

ఆమె జాలీని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. సైన్సు టీచర్ కదా, ముందు దానిమీదికే మనసు పోయింది. తర్వాత నా వైపు చూసింది.

"ఇరవై దినాలు బస్సుల నిలబడి పోయిన అన్నా. బస్సుకు బాధ పడలె. నాతోని కాదేమో అనుకున్న, అదే బాధ." జాలీ నా చేతికి తిరిగిచ్చి, "ఆనాడు పదిమందిల అన్నరు గదా. ఇప్పుడు అరుగు మీద చెప్తే సరిపోతదా?" అంది.

"ఏం చెయ్యమంటరు?"

"మా బడికి రండ్రి. పిల్లలకు ఇదంత చెప్పండ్రి. ఆ రెక్కలది గూడ తీస్కరండ్రి."

శనివారం పొద్దున ఆమే కారు తెచ్చి మా ఇంటి ముందు హారన్ కొట్టింది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. నేను బాగుచేసిన బండిలో, దాని ఓనరు నడుపుతుంటే, పక్కన కూర్చుని వెళ్లడం నాకు అదే మొదటిసారి. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆమె వేళ్లు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. నా వేళ్లూ సీటు అంచు మీద బిగుసుకున్నాయి. బండి మెత్తగా దాటింది. రెండోదీ దాటింది. ఆత్మకూరు దాటాక ముందు వడ్ల ట్రాక్టర్ ఒకటి అడ్డం వచ్చింది. ఆమె అద్దంలో చూసి, గేరు తగ్గించి, యాక్సిలరేటర్ తొక్కింది. ఇంజన్ గొంతు మారింది. ట్రాక్టర్‌ను దాటేసి మళ్లీ ఎడమకు వచ్చేదాకా నేను ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను. అంత శుభ్రంగా నడిపే మనిషికా నేను పాఠం చెప్పింది!

బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు నలభై మంది. చాక్‌పీసుతో నాకు పనికాదని, అందర్నీ గ్రౌండులోకి రమ్మన్నాను. ముందు నిలబడి ఊపిరి తీసుకోమన్నాను. తర్వాత గ్రౌండు చుట్టూ ఒక రౌండు ఉరికి రమ్మన్నాను. రొప్పుతూ వచ్చారు.

"నిలబడ్డప్పుడు పీల్చినట్టే ఇప్పుడు పీలుస్తున్నరా?"

"లేదు తాతా!"

"ఎవరు చెప్పిండ్రు మీకు, మార్చుకొమ్మని?"

"ఎవ్వలు చెప్పలె, దానంతల అదే మారింది!"

"మీకు దానంతల అదే మారుతది. పాత ఇంజన్‌కు మారకపోయేది. ఉరికినా నిలబడ్డా ఒకటే ఊపిరి. కొత్త ఇంజన్‌కు ఇది పెట్టిండ్రు," అని వీవీటీ గేరు ఇచ్చాను. చేతులు మారుతూ అది గ్రౌండంతా తిరిగింది. ఒకరు రెక్క జరిపి చూస్తే, ఇంకొకరు గదిలో వేలు దూర్చబోయారు. తర్వాత జాలీ చూపించాను. ఎర్ర ముక్కల వల్ల ఆయిల్ రెక్కల దాకా సరిగా చేరలేదని, బండి నిలబడ్డా రెక్కలు మాత్రం ఉరుకుతున్నట్టే ఉండిపోయాయని, అందుకే మీ టీచర్ కారు ఆగిందని చెప్పాను.

ముందు వరుసలో రెండు జడల పిల్ల చెయ్యెత్తింది.

"తాతా, ఆ ఎర్రది అండ్ల ఎవరు పోసిండ్రు?"

టీచర్ గ్రౌండు చివరన వేపచెట్టు వైపు చూస్తూ నిలబడింది. నాకు సాయం చెయ్యదలుచుకోలేదని అర్థమైంది.

"నేనే. తప్పు నాది. నేను తప్పు చేసి, మీ టీచర్‌కు నడుపుడు రాదన్న. అందరి ముంగట అన్న. మీ టీచర్‌కు నడుపుడు మంచిగ వస్తది."

 ఆ పిల్ల నన్ను పైనుంచి కింది దాకా చూసి, ఖాయం చేసినట్టు అంది:

"మా బడిల తప్పు చేస్తే గ్రౌండు చుట్టు ఒక రౌండు కొట్టాలె తాతా."

నలభై గొంతులు అందుకున్నాయి. "రౌండు! రౌండు!" నేను టీచర్ వైపు చూశాను. ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "రూలంటే రూలే అన్నా," అంది.

చెప్పులు విడిచి, పంచె పైకి కట్టి ఉరికాను. పావు వంతు దాటేసరికి మోకాళ్లు మొరాయించాయి. సగం దాటాక పిల్లలంతా నా వెనకే ఉరకడం మొదలుపెట్టారు. మలుపు తిరిగి చూస్తే స్వరూప టీచర్ కూడా చెంగు నడుముకు దోపి మాతో పాటు ఉరుకుతోంది.